ఎట్సీ చూడడం నేర్చుకున్న ఏడాది

మొన్న మా చిన్నాన్న మనవరాలి పెళ్ళికని రాజాం వెళ్ళాను. చర్చిలో ప్రమాణాలు అయిపోయాయి, భోజనాలకి ఇంకా టైముంది, అందరూ షామియానా కింద కబుర్లలో పడ్డారు. నాకు కూర్చోబుద్ధి కాక పాలకొండ రోడ్డు మీదికి నడిచాను. పాత ఇనప సామాన్ల కొట్టు ముందు విరిగిన సైకిళ్ళ పక్కన నల్లటి పెట్టె ఒకటి పక్కకి ఒరిగి పడుంది. పెట్టె మూతి మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టిన మచ్చ. వానలకి పసుపు చాలావరకు పోయింది గాని బొట్టు మాత్రం తుప్పురంగుకి తిరిగి అలాగే ఉంది. ఆ బొట్టు ఎవరు పెట్టారో, ఏ రోజు పెట్టారో నాకు తెలుసు. కొట్టతను నన్ను ఎగాదిగా చూసి, "కాలేజీ సామానమ్మా అది. లోపల ఏటీ లేదు, డిస్కులన్నీ పీకేసినారు. కావాలంటే సెప్పు, సూసి ఇచ్చేద్దాం" అన్నాడు. వద్దన్నాను. ఇలాంటి చోట మనుషులకి కళ్ళు చెమరుస్తాయని రాస్తుంటారు. నాకు చెమర్చలేదు. అన్నేళ్ళ కిందటి కోపం, నిన్నటిదిలాగా, వేడివేడిగా గొంతులోకి వచ్చింది. వచ్చినందుకు నాకు సంతోషంగానే ఉంది.

ఆ రోజుల్లో మా ఇల్లు మిషన్ కాంపౌండు వెనకవీధిలో ఉండేది. నాన్న ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన చొక్కాకి ఎప్పుడూ డెటాలు వాసన. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది మామ్మే, నాన్న తల్లి. తెల్లారకముందే లేచి పొయ్యిమీద చోడి అంబలి, అదే రాగి అంబలి, ఎక్కించేది. అది కుతకుతమంటుంటే ఎండుచేపలు నిప్పుల మీద వేసేది, ఆ వాసనకి వీధిలో పిల్లులన్నీ మా గోడెక్కేవి. తర్వాత ప్రార్థన. ప్రార్థన అయ్యాక మామ్మ పెరట్లోకి వెళ్ళి కరివేపచెట్టు చాటున కూర్చుని అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని. మా వైపు ముసలమ్మలకి అది మామూలే గాని, మామ్మ మామూలు ముసలమ్మ కాదు. వయసులో ఉన్నప్పుడు మిషన్ తరఫున పల్లెపల్లెకీ తిరిగి ఇంటింటా వాక్యం చదివి వినిపించిన మనిషి. అలాంటి మనిషి చుట్ట తాగడమేమిటని సంఘంలో గుసగుసలు పోయేవారు. కొత్తగా వచ్చిన పాస్టరు గారైతే ఒకరోజు ఇంటికే వచ్చారు.

"సంతోషమ్మా, ఇది పాపం గదా" అన్నారాయన. మామ్మ చుట్ట ఆర్పి, నోరు పుక్కిలించుకుని వచ్చి, పుస్తకం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "ఎక్కడ రాసున్నాదో సూపించండి బాబూ" అంది. ఆయన ఒక వాక్యం తీసి చూపించారు. మామ్మ పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకుంది, అందుకని ఒక్కో మాట కింద వేలు పెట్టి మెల్లగా చదివేది. మొత్తం చదివి, ముందు వాక్యం చదివి, తర్వాతి వాక్యం కూడా చదివి, "ఇందులో సుట్ట లేదు బాబూ. మీరు సెప్తే వింటాను, అది వేరే సంగతి. రాసున్నాది అనకండి" అంది. పాస్టరు గారు కాఫీ తాగి వెళ్ళిపోయారు. నాన్న సిగ్గుతో చచ్చిపోయాడు. నేను గుమ్మం పక్కన నిలబడి నవ్వాపుకోలేక పమిట నోట్లో కుక్కుకున్నాను. అప్పటికి నాకు పాతికేళ్ళు దాటాయి. బీయస్సీ కంప్యూటర్స్ చదివి, ఉద్యోగం రాక, వీధిలో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ ఉన్నాను.

ఆ వానాకాలంలోనే రాజాంలో ఓ ఇంజనీరింగు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా కాంట్రాక్టు మీద చేర్చుకున్నారు. కంప్యూటర్ ఉద్యోగమని నాన్న ఆసుపత్రంతా మిఠాయి పంచాడు. నా పని ఏమిటంటే పొద్దున్నే తాళం తీయడం, కంప్యూటర్ల మీద గుడ్డలు మడతపెట్టడం, పిల్లల చేత రిజిస్టరులో సంతకాలు పెట్టించడం, సాయంత్రం మళ్ళీ గుడ్డలు కప్పడం. ల్యాబ్ చివర అద్దాల తలుపు వెనక సర్వర్ గది. అందులో ఏసీ చలి, అగరొత్తుల వాసన. కాలేజీ మొత్తం నెట్‌వర్కు చూసే అప్పలనాయుడు మేష్టారు రోజూ పొద్దున వినాయకుడి పటం ముందు అగరొత్తు వెలిగించి గాని కుర్చీలో కూర్చునేవారు కాదు. అందరూ ఆయన్ని సిస్టమ్ మేష్టారు అనేవారు. మనిషి సరదాగా ఉండేవారు. పని దగ్గర మాత్రం కొంచెం బద్ధకం. ఆ బద్ధకమే నాకు కలిసొచ్చింది. ఒకసారి పిల్లల కంప్యూటర్లకి నెట్ రావడం లేదని చెప్పడానికి వెళ్తే, ఆయన టీ గ్లాసు కింద పెట్టకుండానే, "ఏటమ్మా ప్రతిదానికీ నా కాడికి వస్తన్నావు? బీయస్సీ సదివినావు గదా. ఎట్సీలోకి ఎల్లి సూడు" అన్నారు.

ఎట్సీ అంటే మా సర్వర్ లాంటి యూనిక్స్ మెషీన్‌లో ఒక ఫోల్డరు పేరు. ఆ మెషీన్ ఏ సేవలు, అంటే వెనకాల ఎప్పుడూ నడుస్తుండే ప్రోగ్రాములు, నడపాలి, ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్న సంగతులన్నీ అందులో మామూలు అక్షరాల ఫైళ్ళుగా రాసి ఉంటాయి. దాచిపెట్టింది ఏదీ ఉండదు, తెరిచి చదువుకోవడమే. ఆ మాట విన్నప్పుడు నేను నమ్మలేదు. కాలేజీలో చదివినన్నాళ్ళూ నెట్‌వర్కు అంటే బోర్డు మీద గీసిన మబ్బు బొమ్మ, దానికి అటూ ఇటూ రెండు డబ్బాలు. ఆ మబ్బు లోపల ఏముందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మేష్టారు నా పేరున ఒక లాగిన్ తయారుచేసి ఇచ్చారు. ఫైళ్ళు చదవొచ్చు గాని మార్చడానికి వీల్లేనిది. "సూడు, ముట్టకు. అంతే రూలు" అన్నారు.

చూడడం మొదలుపెట్టాను. మొదట్లో భయమేసింది, ఒక్కో ఫైలు పొడుగ్గా, అరవ నిఘంటువులా అర్థంకాకుండా ఉండేది. మేష్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పేవారు. మొదట్లో హాష్ అనే గీతల గుర్తు ఉన్న వరసలు వదిలేసి చదువు, అవి మెషీన్ పట్టించుకోదు, మనుషుల కోసం రాసుకున్న మాటలు. అవి తీసేస్తే పెద్ద ఫైలు కూడా గుప్పెడు వరసలవుతుంది. తర్వాత ఏ సేవ ఏ గుమ్మం దగ్గర కూర్చుందో చూడు. ఒక్కో సేవకీ ఒక్కో నంబరు, అదే దాని గుమ్మం. తర్వాత ఆ గుమ్మంలోకి ఎవర్ని రానిస్తున్నారో చూడు. ఈ మూడూ తెలిస్తే ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగక్కర్లేదు. నేను మధ్యాహ్నం క్యారియరు తినేసి మిగిలిన టైమంతా ఆ గదిలోనే గడిపేదాన్ని. ఎవరూ వాడని పాత సేవ ఒకటి గుమ్మం తెరుచుకుని ఊరికే కూర్చుందని కనిపెట్టి చెప్తే, మేష్టారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు. "ఇది ఎవుడు పెట్టేడో నాకే తెల్దు" అని నవ్వి దాన్ని మూసేశారు.

ఆయన చెప్పినవాటిలో ఒక్క సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. ఫైలు మారిస్తే మెషీన్ వెంటనే మారిపోతుందా అని అడిగాను. "మారదమ్మా. సేవ లేసినప్పుడు ఫైలు ఒక్కపాలి సదువుకుంటాది. తరవాత నువ్వు ఏటి మార్సినా దానికి తెల్దు. మళ్ళీ ఆపి లేపితేనే కొత్త మాట వింటాది. అందాకా పాత మాటే" అన్నారు. అంటే ఫైల్లో రాసింది ఒకటి, జరుగుతున్నది ఇంకొకటి కావచ్చు. రెండూ విడివిడిగా చూసుకోవాలి. ఇంటికెళ్ళి ఇదంతా చెప్తే మామ్మ అంబలి తాగడం ఆపి విని, "మనుసుల్లాగే ఉన్నాది" అంది.

ఆ ఏడాది దసరాకి కాలేజీకి కొత్త సెక్రటరీ గారు వచ్చారు. అంతకుముందు ఆయుధపూజ నాడు సర్వర్‌కి నడుస్తుండగానే బొట్టు పెట్టేసేవారట. దాన్ని ఆపనివ్వననేది మేష్టారి గొప్ప. బ్యాటరీలు, జనరేటరు అన్నీ ఉన్నాయి, ఎన్ని కరెంటు కోతలొచ్చినా నా మెషీన్ కన్ను మూయలేదని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. కొత్త సెక్రటరీ గారు మాత్రం ఒప్పుకోలేదు. పూజ నాడు పనిముట్టు పని చెయ్యకూడదు, ఏ ఇంట్లోనైనా నాగలీ కత్తిపీటా ఆ రోజు ముట్టుకుంటారా అన్నారు. మేష్టారు నసిగారు గాని ఎదురుచెప్పలేకపోయారు. ఆపేశారు. మేష్టారే పసుపు రాశారు, బొట్టు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. నేను బొట్టు పెట్టుకోలేదు, అందరికీ ప్రసాదం పొట్లాలు మాత్రం కట్టిచ్చాను. సెలవులిచ్చారు. మేష్టారు సిరిమాను జాతర చూసుకుని వస్తానని విజయనగరం వెళ్ళిపోయారు.

కాలేజీ తెరిచిన రోజు పొద్దున ఒక కంపెనీవాళ్ళు ఆఖరేడు పిల్లలకి ఆన్‌లైన్లో ఉద్యోగపరీక్ష పెట్టుకున్నారు. తాళాలు నా దగ్గర ఉన్నాయి, సర్వర్ బటన్ నొక్కింది నేనే. మెషీన్ లేచింది. ల్యాబ్‌లో ఒక్క కంప్యూటర్‌కీ అడ్రసు రాలేదు. కంప్యూటర్లకి అడ్రసులు పంచే సేవ ఒకటి ఉంటుంది, అదే లేవలేదు. ఎందుకు లేవలేదో మెషీనే రాసుకుంది, చదివాను. ఆ సేవ ఫైలు తెరిచాను. అప్పటికింకా కడుతూనే ఉన్న కొత్త బ్లాకు కోసమని అడ్రసులు ఒక వరసలో రాసి, ఆ వరసని పాత బ్లాకు శీర్షిక కింద పెట్టేశారు. శ్రీకాకుళం వీధి పేరు రాసి కింద విజయనగరం ఇంటి నంబర్లు వేసినట్టు. సేవ దాన్ని చదివి, ఇది పొసగదని చెప్పి పడుకుంది. ఫైలు తేదీ చూశాను. మే నెల. నేను చేరింది వానలు పడ్డాక. అంటే ఎండాకాలం నుంచీ ఆ తప్పు అక్కడే ఉంది, సేవని ఎవరూ ఆపి లేపలేదు గనక తెలియలేదు. పూజకి ఆపారు, బయటపడింది.

మేష్టారికి ఫోన్ చేశాను. వెనక డప్పులు. "ఏటి కదిపేవు?" అన్నారు. ఏమీ కదపలేదు సార్, కొత్త బ్లాకు వరస అని మొదలుపెట్టేలోగా ఫోన్ పెట్టేశారు. తర్వాత ప్రిన్సిపాల్ గారికి ఆయనే ఫోన్ చేసి, "ఆ అమ్మాయే ఆన్ చేసింది సార్. నా పాస్‌వర్డ్ మానిటర్‌కి అంటించి ఉంటాది. ఏటి మార్సేసిందో రేపొచ్చి సూస్తాను" అన్నారట. పరీక్ష రద్దయింది. పిల్లలు కారిడార్లో అరిచారు, వాళ్ళ తప్పేముంది, అరవాల్సిందే. ఆఫీసు గుమాస్తా ఒకాయన నాకు వినపడేలా, బొట్టు పెట్టుకోని చేత్తో నొక్కితే ఇలాగే అవుతుందన్నాడు. "మీరు పెట్టుకున్నారు గదండీ, రండి, మీరు నొక్కండి" అన్నాను. ఆయన రాలేదు. సాయంత్రం ప్రిన్సిపాల్ గారు పిలిచి టైపు చేసిన కాగితం ఒకటి నా ముందు పెట్టారు. నా అజాగ్రత్త వల్ల సర్వర్ చెడిపోయిందనీ, క్షమించమనీ ఉంది. కంపెనీవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి, సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, ల్యాబ్ నుంచి లైబ్రరీకి మారుస్తాం, అంతే అన్నారు. ఆ అంతే అన్నదే నాకు అన్నీ. ఆ గదిలో, ఆ చలిలో, ఆ ఫైళ్ళ ముందు కూర్చోవడం తప్ప ఆ ఉద్యోగంలో నాకు ఇంకేమీ లేదు. రేపు చెప్తానని వచ్చేశాను.

నాన్న అన్నం ముందు కూర్చుని తినలేదు. "ఒక సంతకం అమ్మా. పెద్దోళ్ళతో మనకెందుకు? నువ్వే బాగుసేసేసి ఇచ్చేయి, ఆళ్ళే మెచ్చుకుంటారు." బాగుచేయడం నాకు వచ్చు. ఆ వరసకి ముందు ఒక్క గీతల గుర్తు పెడితే చాలు. పాస్‌వర్డ్ ఎదురుగానే ఉంది. కానీ నేను ముట్టుకుంటే ఫైలు మీద మే నెల పోయి ఆ రోజు తేదీ పడుతుంది. అప్పుడు నిజంగానే చివరిసారి మార్చింది నేనవుతాను. మేష్టారు ముట్టుకున్నా అంతే, మే నెల పోతుంది. ఇదంతా విడమరిచి చెప్తే నాన్నకి సగమే అర్థమైంది. మామ్మకి మొత్తం అర్థమైంది. "ఒరే, దాని సెయ్యి పట్టుకుని తప్పుడు సాక్ష్యం రాయించకు" అంది నాన్నతో. నాన్న కంచం తీసేసి లేచిపోయాడు. ఆయన మీద నాకు కోపం లేదు, భయపడ్డం ఆయన ఉద్యోగంలో భాగం.

మర్నాడు పొద్దున మేష్టారు నుదుట కుంకుమతో సరాసరి సర్వర్ గదిలోకి వచ్చారు. వెనకే ప్రిన్సిపాల్ గారు. మేష్టారు ఫైలు తెరవబోయారు. నేను వెళ్ళి కీబోర్డు మీద చెయ్యి పెట్టాను.

"ముందు తేదీ చూడండి సార్. తర్వాత ముట్టండి."

"చెయ్యి తియ్యమ్మా, ముందు నడవనీ" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"నడిచాక ఈ తేదీ ఉండదు సార్. ఒక్క నిమిషం. చూడడానికి మాత్రమే కదా నాకు అనుమతి, చూపిస్తాను."

చెయ్యి తీయలేదు. నా లాగిన్‌తోనే ఫైళ్ళ పట్టీ తెర మీద వేశాను. పేరు, పక్కన మే నెల. ప్రిన్సిపాల్ గారు వంగి చదివారు. ఫైలు తెరిచి కొత్త బ్లాకు వరస చూపించాను. నేను ఎప్పుడు చేరానో మీ ఆఫీసులోనే ఉంటుంది సార్ అన్నాను. మేష్టారు ఏసీ వైపు చూశారు, గోడ వైపు చూశారు. "వేసవిలో ఎన్నో పనులు సార్, ఎవరెవరో వచ్చేవోరు" అన్నారు. నేను రాకముందు ఆ గది తాళాలు ఆయన ఒక్కరి దగ్గరే ఉండేవని ముగ్గురికీ తెలుసు.  ఆయన ఆ వరసని పక్కకి తప్పించి, సేవ లేపారు, ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ ఒక్కొక్కటిగా అడ్రసులు తీసుకున్నాయి. అద్దంలోంచి అది చూస్తుంటే నాకు ఆనందం కలిగింది. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో కూడా కలిగింది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. ప్రిన్సిపాల్ గారు తన గదికి పిలిచి అదే కాగితం మళ్ళీ ముందు పెట్టారు. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా, నేను చూశాను. కానీ నాయుడు గారు సీనియరు, ఆయన పేరు బయటికెళ్తే కాలేజీకి బాగుండదు. నువ్వు చిన్నదానివి, నీకేం పోతుంది." నిజం తెలియక అడిగినప్పటి కంటే తెలిసి అడిగినప్పుడే నాకు ఒళ్ళు మండింది. కాగితం తిప్పాను. వెనక ఖాళీగా ఉంది. ఆయన పెన్నే అడిగి తీసుకున్నాను. ఫైలు పేరు రాశాను, అది మారిన నెల రాశాను, నేను చేరిన నెల రాశాను, తప్పుగా ఉన్న వరసని ఉన్నదున్నట్టు దించాను. కింద నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను. "సంతకం కావాలన్నారు గదా సార్, పెట్టాను" అన్నాను. ఆయన చాలాసేపు చదివి, సొరుగులో పెట్టి, తాళం వేసుకున్నారు. మధ్యాహ్నానికి నన్ను లైబ్రరీకి మార్చినట్టు ఆర్డరు వచ్చింది.

లైబ్రరీలో పుస్తకాల మీద ముద్రలు వేశాను. సర్వర్ గది తాళాలు పోయాయి, లాగిన్ తీసేశారు. ఏడిచాను, ఇంట్లో కాదు, లైబ్రరీ చివరి బీరువాల వెనక. తర్వాత అక్కడే దుమ్ముపట్టిన యూనిక్స్ పుస్తకాలు దొరికాయి, వాటిని చదివాను. నాన్న సహాయంతో పాత కంప్యూటరొకటి ఇంటికొచ్చింది, దానిలో నా సొంత ఎట్సీ నాకు దొరికింది, అక్కడ చూడడమే కాదు, మార్చాను, పాడుచేశాను, బాగుచేశాను. ఇవాళ విశాఖలో నా కింద పనిచేసే పిల్లలకి ఫైలు ముఖం చూసే అవసరమే తక్కువ. తెరమీద బటన్లు నొక్కితే ఎక్కడో దూరాన సేవలు లేస్తాయి, పడతాయి. చాలా సుఖం. కానీ ఏదైనా పడినప్పుడు మీటింగులో అందరి కళ్ళూ మొదట వెళ్ళేది కొత్తగా చేరిన పిల్ల వైపే. అది మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు. ఆ చూపు కనపడినప్పుడల్లా నేను మీటింగు ఆపించి ఫైలు తెరిపిస్తాను. ఈవిడకి చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

ఆ ఏడాది చలికాలంలోనే ఒకరోజు మేష్టారు లైబ్రరీకి వచ్చారు. ఎదురుగా కూర్చుని బల్ల మీద వేలితో గీతలు గీస్తూ, "ఏటమ్మా, నీ మీద నాకు కోపం లేదు" అన్నారు. నేను ముద్ర వేస్తూనే ఉన్నాను. "కొత్త బ్లాకు తెరుస్తన్నారు. నా ఒక్కడి వల్ల అవతల్లేదు. ప్రిన్సిపాల్ గారితో నేను మాటాడతాను, వచ్చేయి. ఇదంతా నీకు నేర్పింది నేనే గదా."

"మీరే సార్. అది ఎక్కడైనా చెప్తాను" అన్నాను. "మీరు ప్రిన్సిపాల్ గారి దగ్గర ఒక్క మాట చెప్పండి, ఆ వరస రాసింది మీరేనని. చెప్పిన రోజు సాయంత్రమే వస్తాను. జీతం పెంచక్కర్లేదు, గుడ్డలు కూడా నేనే కప్పుతాను."

ఆయన లేచి, కుర్చీ జాగ్రత్తగా లోపలికి నెట్టి వెళ్ళారు. ఆ వారమంతా పగలు లైబ్రరీ తలుపు చప్పుడు వినపడితే తలెత్తి చూసేదాన్ని. వెళ్ళాలని ఎంత ఉండేదో నాకే తెలుసు. క్షమించవచ్చు గదా అని పాస్టరు గారు, సర్దుకుపోవచ్చు గదా అని నాన్న, ఇప్పటికీ అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నేను క్షమించలేదు. ఆయన చెప్పలేదు, నేను వెళ్ళలేదు.